కీమో ఎక్కించాక మూడో రోజు: ఆరోగ్యశ్రీ ట్రస్టుకు బహిరంగ లేఖ



2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పుణ్యమా అని ఎన్నో పేద కుటుంబాలు ఉన్న కాస్త పొలం అమ్ముకోకుండానే కీమో చేయించుకోగలుగుతున్నాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఆ మందు ఎక్కించుకున్న మనిషి ఇంటికి చేరాక పడే యాతన ఎవరి లెక్కలోకీ రావడం లేదు. కీమో వల్ల కలిగే వికారాన్ని ఓర్చుకోక తప్పని బాధగా కాకుండా చికిత్సలో భాగంగా చూడాలనీ, దాన్ని అదుపు చేసే మాత్రలు చేతికివ్వకుండా ఏ రోగినీ ఇంటికి పంపకూడదనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందును ముందుజాగ్రత్త లేకుండా ఎక్కిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాంతులవుతాయి. మొదటి 24 గంటల్లో వచ్చేవాటికి పేగుల్లోంచి విడుదలయ్యే సెరటోనిన్ ముఖ్య కారణం. దాన్ని అడ్డుకునే ఆన్‌డాన్‌సెట్రాన్ రావడంతో ఆ మొదటి రోజు చాలావరకు గట్టెక్కింది. రెండో విడత బాధ వేరు. అది 48 నుంచి 72 గంటల మధ్య ముదిరి, ఐదారు రోజులు పీడించవచ్చు. అందులో సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనానిది పెద్ద పాత్ర కాబట్టి ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక్కటే చాలదు. బాధ ముదిరేనాటికి రోగి ఆసుపత్రిలో ఉండడు, ఊళ్లో ఉంటాడు.

వాంతి అయితే పక్కవాళ్లకు కనిపిస్తుంది, ఎన్నిసార్లయిందో చెప్పగలరు. వికారం పైకి కనిపించదు. వంటింట్లో తాలింపు వేస్తే చాలు, ముందుగదిలో పడుకున్న మనిషికి డోకు వస్తుంది. అన్నం కలుపుకుని, ఒక ముద్ద నోటిదాకా తెచ్చి, పళ్లెం పక్కకు నెట్టేస్తారు. మంచినీళ్లూ సహించవు. ఒంట్లో నీరు తగ్గితే సిస్‌ప్లాటిన్ ధాటికి అసలే నలిగిన మూత్రపిండాలకు మరింత ముప్పు. కొందరికైతే తర్వాతి విడత కీమోకు ఆసుపత్రి గేటు దాటగానే, మందు ఎక్కించకముందే కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఇలా మనసులో నాటుకుపోయిన వికారం మందులకు ఓ పట్టాన లొంగదు. అందుకే మొదటి విడత కీమోలోనే దాన్ని అదుపులో పెట్టాలి.

దీనికి మందు లేక కాదు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో మామూలు మందులకు ఓలాంజపిన్ అనే మాత్ర జోడిస్తే, ఐదు రోజుల్లో వికారమే తెలియనివారు 22 శాతం నుంచి 37 శాతానికి పెరిగారు. మత్తు ఎక్కువ కదా అన్నది న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబు మన దేశం నుంచే వచ్చింది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 10 మిల్లీగ్రాముల బదులు 2.5 మిల్లీగ్రాములిచ్చినా ఫలితం తగ్గలేదు. పగటి మత్తు మాత్రం 90 శాతం నుంచి 65 శాతానికి దిగింది. ఇది ఎప్పుడో పేటెంటు తీరిన, చవకైన మాత్ర కాబట్టి ఖర్చు పేరు చెప్పి పక్కన పెట్టలేం. ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో డాక్టరు నిర్ణయించాలి, నిజమే. కానీ ఆ నిర్ణయం ప్రతి రోగి విషయంలోనూ జరగాలి కదా! ఇది మానసిక వ్యాధులకు వాడే మందని ఎవరో చెబితే ఇంట్లోవాళ్లు భయపడి మాన్పించే ప్రమాదమూ ఉంది. ఎందుకిస్తున్నారో తెలుగులో రెండు ముక్కలు రాసిస్తే ఆ భయం తీరుతుంది.

ప్రాణం నిలబెట్టడమే ముఖ్యం, వికారం తర్వాతి సంగతి అనేవారున్నారు. తిండి దిగక నీరసించిన మనిషి తర్వాతి విడత వాయిదా వేసుకుంటాడు, కొందరు అసలు రారు. అప్పుడు పోయేది ఆ ప్రాణమే. మందులిచ్చి పంపాలన్న నియమం ఉంది కదా అనవచ్చు. ఉంటే, కీమో విషయంలో ఏ మాత్రలు, ఎన్ని రోజులకు అన్నది స్పష్టంగా రాసి, అమలును తనిఖీ చేయండి. మూడో రోజున, ఆసుపత్రిలో పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర చేత ఒక్క ఫోను చేయించండి. "వాంతులయ్యాయా?" అని మాత్రమే కాదు, "కడుపులో తిప్పుతోందా? ఏమైనా తినగలిగారా?" అని అడిగించండి. ఆ జవాబులు రాసిపెట్టండి. క్యాన్సర్‌తో పోరాడే మనిషికి నాలుగు ముద్దలు తినగలగడం కూడా వైద్యమే. ఆ వైద్యం కూడా అందేలా చూడమని ప్రార్థన.