టార్చిలైటు కొనేముందు సెల్లు సైజు అడగండి



వానలు మొదలైనాయి. రాత్రిపూట నీళ్ళు కట్టడానికి, అడవి పందుల కాపలాకి పొలం పోక తప్పదు. రక్తపింజర, కట్లపాము తిరిగేదీ ఆ చీకట్లోనే. సగం దారిలో లైటు ఆరిపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఇవాళ టార్చిలైటు గురించి రాస్తున్నా.

కొట్లో మనం చూసేది ఒక్కటే, ఎంత దూరం కొడుతుందని. నన్నడిగితే ముందు చూడాల్సింది లోపలి సెల్లు. సెల్లు చెరువు, బల్బు తూము. చెరువు చిన్నదై తూము పెద్దదైతే నీళ్ళు ఎంతసేపు పారతాయి?

లెక్క చూడండి. పెన్సిల్ సెల్లు, చార్జింగ్ రకం, 1.2 ఓల్టులు, 2000 ఎంఏహెచ్. అంటే 2.4 వాట్ అవర్లు. 3 వాట్ల లైటుకి ముప్పావు గంట. అదే 18650 సెల్లు 3.7 ఓల్టులు, 3000 ఎంఏహెచ్. 11 వాట్ అవర్లు. అదే లైటు మూడు గంటలు పైనే వెలగాలి. 18650 అంటే భయపడకండి, అది కొలతే. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు. ఇంకా పెద్దది 21700, అంటే 21 లావు, 70 పొడుగు.

ఇందులో మోసం కూడా ఉంది. 18650 సైజులో మంచి కంపెనీ సెల్లు అయినా 3500 దగ్గరే ఆగుతుంది. 9900 అని రాసుంటే అది పచ్చి అబద్ధం. కాటా మీద పెట్టండి, మంచి సెల్లు 45 గ్రాములకి అటూఇటూ తూగుతుంది. ఎరువు బస్తా తూకం చూసుకునేవాళ్ళం, ఇదెందుకు చూడం?

ప్లగ్గుకి పెట్టి చార్జి చేసే పాతరకం లైట్లు చాలావాటిలో ఉండేది సీసం బ్యాటరీ. చార్జి అయిపోయాక నెలల తరబడి మూలన పడేస్తే అది చచ్చిపోతుంది. లోపల బిగించేసి ఉంటుంది కాబట్టి మొత్తం లైటే పారేస్తాం. ఏటా ఇదే ఖర్చు. సెల్లు ఊడదీసి మార్చుకునే లైటైతే ఆ బాధ లేదు. ఇంకో సెల్లు చార్జి చేసి జేబులో పెట్టుకోవచ్చు. కాకపోతే తాళాలు, చిల్లరతో కలిపి వేయకండి, షార్టయి కాలుతుంది. చిన్న డబ్బాలో పెట్టుకోండి. పైతొడుగు చిరిగిన సెల్లు వాడొద్దు.

పెద్ద సెల్లుల పాత లైటు పనికిరాదని నేననను. తుఫానుకి రెండు మూడు రోజులు కరెంటు పోతే ఆదుకునేది అదే, సెల్లులు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఇంట్లో ఒకటి ఉంచండి. వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టండి, కారితే స్ప్రింగు తినేస్తుంది.

ఫోన్లో లైటుంది కదా అంటారు మన కుర్రోళ్ళు. అయ్యా, పాము కరిస్తే 108కి చేయాల్సింది ఆ ఫోనుతోనే. దాని చార్జింగు లైటుకి తగలెయ్యకండి.

కొట్టాయన్ని మూడు అడగండి. సెల్లు ఊడొస్తుందా? ఏ సైజు? విడిగా అమ్ముతారా? లేదంటే ఇంకో కొట్టుకి పోండి. నలుగురం అడిగితే వాళ్ళే తెప్పిస్తారు.

మీ ఇంట్లో లైటు విప్పి ఏ సెల్లు ఉందో చూసి కింద రాయండి.