గాలానికి మూడు వేలు, చేతివలకి రెండొందలా?

అన్నలారా, తమ్ముళ్లారా, ఈ పోస్టు చదివితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

దాళ్వా నాట్లు అయిపోయాయి. ఇక మన తీరం ఊళ్లలో కాస్త తీరిక ఉన్నోళ్లందరూ ఆదివారం బోటెక్కి సముద్రంలో గాలం వేటకి పోతారు. నేనూ పోతాను, తప్పేం లేదు. గాలం కర్రకి, చక్రానికి మూడు వేలు పెడతాం. బోటు దాకా వచ్చిన చేపని పైకి తీసే చేతివల మాత్రం రొయ్యల చెరువు గట్టు మీద నుంచి పట్టుకుపోతాం! గేదెని కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం. మరి వలకేం పాపం?

పోయిన వారం నా సంగతే చెబుతాను. పండుగప్ప పడింది. రెండున్నర అడుగులు, ఆరు కిలోలకి తగ్గదు. నా వల రింగు అడుగున్నర, కన్నేమో రొయ్యపిల్ల కూడా దూరనంత సన్నం. సన్నకన్ను వల నీళ్లని పోనివ్వదు కదండీ, కెరటం దాన్ని బోటు కిందకి తోసేసింది. చేప తల దూరలేదు. ప్లాస్టిక్ చేపకున్న మూడు ముళ్ల గాలం వల బయట తగులుకుంది. ఒక్క విదిలింపు, దారం తెగింది. బోటు నడిపే మా బావ నవ్వాడు: "ఏం బావా, రొయ్యలు పడదామని వచ్చావా?"

మంచి వల డబ్బులు ఆ ఒక్క చేపలోనే వచ్చేవి.

అందుకే అంటున్నా, రింగు మీరు పట్టాలనుకునే చేప పొడుగంత వెడల్పుండాలి. సంచి లోతుగా ఉండాలి, చేప పడ్డాక మూతి తిప్పేస్తే బయటికి గెంతదు. కన్ను పెద్దదుండాలి. ముడులు లేని వల గానీ రబ్బరు పూత వల గానీ అయితే ముళ్లు అంతగా చిక్కుకోవు. బరువుంటుంది, నిజమే. మడతపెట్టే కర్ర మాత్రం వద్దు, ఆ కీలు దగ్గరే విరుగుతుంది. ఇనప బోల్టులుంటే ఉప్పునీళ్లకి ఒక్క సీజనే. ఏ వలైనా ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాల్సిందే.

వాడటం కూడా రావాలి. చేపని తోక వైపు నుంచి తరమొద్దు. వల ముందే నీళ్లలో ముంచి ఉంచి, తల వైపు నుంచి లోపలికి నడిపించాలి. ఎత్తేటప్పుడు పారతో మట్టి ఎత్తినట్టు కాదు, కర్ర నిలువుగా పట్టి రింగు అందుకుని లాగాలి.

"మా తాతలు కొక్కెం కర్రతోనే లాగారు, వలేంటి?" అంటారు. పెద్ద కోనేనికి కొక్కెం సరే, అది ఇంటికొచ్చే చేప. వదిలేయాల్సిన పిల్లకి కొక్కెం దింపితే అది బతుకుతుందా? గరుకు ముడుల వల కూడా ఒంటి మీద జిగురు గీకేస్తుంది. పండుగప్ప చిన్నప్పుడు మగది, పెరిగాక ఆడదవుతుంది. మీరు ఒళ్లు గీకి వదిలింది రేపు గుడ్లు పెట్టాల్సిన చేపండి! ఇది తెలిసీ "వల ఏదైతే ఏంటి" అనేవాళ్లతో నాకు వాదన లేదు, వాళ్ల బోటు నేనెక్కను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు బోట్లు ఎలాగూ ఒడ్డునే. ఈలోపు ఆ రొయ్యల వలలన్నీ తిరిగి చెరువు గట్టుకి పంపేయండి.