భయపడే బిడ్డకు ధైర్యం ఖమీరా డబ్బాలో దొరకదు

గత నెల బళ్లారిలోని నా దవాఖానాకు ఒక తల్లి పదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. "హకీం సాబ్, వీడికి మంగళవారం, గురువారం పొద్దున కడుపునొప్పి వస్తుంది. మిగతా రోజులు బాగానే ఉంటాడు" అంది. నబ్జ్ చూశాను, నాలుక చూశాను, కడుపు నొక్కి చూశాను. తేడా ఏమీ లేదు. ఆ రెండు రోజులు బడిలో ఏముంటుందని అడిగితే, ప్రతిభా కారంజికి కంఠపాఠం ప్రాక్టీసు ఉంటుందని పిల్లవాడే చెప్పాడు. (కర్ణాటకలో విద్యాశాఖ బడిపిల్లలకు జరిపే పోటీలివి. పక్క రాష్ట్రాల పాఠకుల కోసం చెబుతున్నాను.) ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సాయంత్రం మదరసాలో ఉర్దూ. కన్నడ పద్యంలో ఒక మాట తెలుగు యాసలో పలికితే తోటిపిల్లలు నవ్వారట. అదీ సంగతి.

"ధైర్యానికి మంచి ఖమీరా ఏదైనా ఇవ్వండి" అని ఆ తల్లి అడిగింది. నేను ఇవ్వలేదు. ఆమెకు నచ్చలేదు. ఎందుకు ఇవ్వలేదో మీకూ చెప్పాలనిపించింది.

మన తిబ్బులో ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలలో మనసు కదలిక, మనసు విశ్రాంతి కూడా ఒకటి. భయంలో ఒంట్లోని వేడి లోపలికి పోతుందని, కోపంలో బయటికి ఉరుకుతుందని, సిగ్గులో ముందు లోపలికి పోయి తర్వాత బయటికి వస్తుందని పాత హకీములు రాశారు. స్టేజీ ఎక్కిన పిల్లలను గమనించండి. చేతులు చల్లబడతాయి, ముఖం పాలిపోతుంది, ఒక మాట తప్పగానే చెవులు ఎర్రబడతాయి. డాక్టర్లు దీనినే అడ్రినలిన్ పేరుతో వివరిస్తారు. ఎవరి లెక్కలో చూసినా ఆ కడుపునొప్పి నిజం నొప్పే. "నాటకాలాడకు" అని కసరకండి.

1037లో కన్నుమూసిన ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో, బిడ్డకు విపరీతమైన కోపం, భయం, దుఃఖం కలగకుండా చూసుకోమన్నారు. ఆరేళ్లకు గురువు దగ్గరికి పంపమన్నారు గాని, ఒక్కసారిగా బడికి కట్టేయకుండా మెల్లమెల్లగా అలవాటు చేయమన్నారు. ఈ రెండు మాటలూ కలిపి చదవాలి. నేనొకసారి మొదటి మాటే పట్టుకుని తప్పు చేశాను.

దాదాపు ముప్పై ఏళ్ల కిందట, వాలీబాల్ అంటే వణికిపోయే ఒక అబ్బాయిని ఆట మానిపించమని తండ్రికి సలహా ఇచ్చాను. వారంలో అబ్బాయి కుదుటపడ్డాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మరుసటి ఏడు వాడు బడి విహారయాత్ర మానేశాడు, ఆ తర్వాత పెళ్లిళ్లకు రావడం మానేశాడు. ఇప్పుడు నలభై దాటాయి. నలుగురున్న చోట నోరు విప్పడు. అంతా నా సలహా వల్లేనని అనను. కానీ తప్పించుకున్న ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే అవుతుందని అప్పుడు నాకు తెలియలేదు.

ఖమీరా ఇస్తే జరిగేదీ అలాంటిదే. ధైర్యం డబ్బాలో ఉంది, తనలో లేదని బిడ్డ నేర్చుకుంటాడు. పాతికేళ్లుగా ఖమీరాలు రాసిస్తున్నవాడినే ఈ మాట అంటున్నాను.

ఆ పిల్లవాడికి నేను చెప్పింది ఇంతే. మొదట మీ జేజి ముందు రెండు చరణాలు చెప్పు. ఆమెకు కన్నడం రాదు, తప్పులు పట్టదు. తర్వాత చిన్నాన్న పిల్లల ముందు. ఆపైన పక్కింటి కన్నడం ఆంటీ దగ్గర. ఆమె ఉచ్చారణ దిద్దుతుంది, నవ్వదు. ఆ తర్వాత ఖాళీ తరగతిలో టీచరమ్మ ఒక్కరి ముందు. ఒక మెట్టు మీద గుండెదడ తగ్గాకే పై మెట్టు. వీడిని మొదటి పేరుగా పిలవవద్దని టీచరమ్మతో మాట్లాడమని తల్లికి చెప్పాను. ప్రైజు సంగతి ఇంట్లో ఎత్తవద్దన్నాను. నాలుగు ప్రాక్టీసులకు వెళ్లాక, ఉండాలో మానాలో వాడే చెబుతాడు. ఇక ముందురోజు తొందరగా నిద్ర, పొద్దున రాగి జావో రెండు ఇడ్లీలో. పరగడుపున చిక్కటి టీ వద్దు.

ఇంకో మాట కాస్త కటువుగా చెప్పాలి. మన ఇళ్లలో మగపిల్లవాడు భయపడితే "మగాడివి కాదా" అని నెడతాం. ఆడపిల్ల భయపడితే "పోనీలే, మానేసెయ్" అంటాం. నెట్టడంలో మన పరువు ఉంది, మానిపించడంలో మన సౌకర్యం ఉంది. డ్రాయింగు పోటీకి వేరే ఊరు తీసుకెళ్లాల్సిన పని తప్పుతుంది కదా! భయపడే కూతురికి కూడా ఆ మెట్లు వేయండి. ఆమె జ్వరమొస్తే ఇలాగే వదిలేస్తారా?

అయితే భయం వారాల తరబడి తగ్గకపోయినా, బడికే వెళ్లనన్నా, నిద్ర, తిండి చెడినా నా వంటి హకీం దగ్గర ఆగిపోకండి. పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. చచ్చిపోతాననే మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఫోను చేయడానికి డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మొన్న ఆ తల్లి మళ్లీ వచ్చింది. పిల్లవాడు పక్కింటి ఆంటీ మెట్టు దాకా వచ్చాడు. గురువారం కడుపునొప్పి ఇంకా ఉందట. నొప్పితోనే ప్రాక్టీసుకు వెళుతున్నాడట.