ప్లీహం లేనివారికి జ్వరం వస్తే

ఎడమ పక్కటెముకల చాటున పిడికిలంత పరిమాణంలో ఒదిగి ఉండే ప్లీహాన్ని గురించి వ్రాయమని పాఠక మిత్రులు కొందరు కోరారు. మేము వృత్తిరీత్యా ఇంజనీరులము, వైద్యులము కాము. అయినా ఈ అవయవం పనితీరు మాకు చిరపరిచితంగానే తోచింది.

శీతలజల వలయంలో ప్రవాహాన్నంతా ఒకేసారి వడపోయక, కొంత భాగాన్ని ప్రక్కకు మళ్ళించి నిరంతరం శుభ్రపరిచే సైడ్ స్ట్రీమ్ ఫిల్టరు ఉంటుంది కదా! ప్లీహం పాత్ర అటువంటిదే. విశ్రాంతి సమయంలో గుండె పంపే రక్తంలో సుమారు 5 శాతం, అంటే నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్లు, దీని గుండా సాగుతుంది.

అయితే మన ఫిల్టరుకు మురికిని ఆపడమే తెలుసు. ప్లీహానికి శత్రువును గుర్తించడమూ తెలుసు. ఇందులోని మాక్రోఫేజులనే భక్షక కణాలు రక్తంలో చొరబడిన సూక్ష్మజీవులను మ్రింగివేస్తాయి. న్యూమోకాకస్ వంటి బాక్టీరియాలు చక్కెర పదార్థపు కవచం ధరించి ఉండటంచేత వాటికి సులభంగా చిక్కవు. అప్పుడు ప్లీహంలో కాపుండే ఒక తరగతి బి కణాలు ఐజిఎం ప్రతిరక్షకాలను త్వరితంగా విడుదల చేస్తాయి. అవి కాంప్లిమెంట్ ప్రోటీనుల తోడ్పాటుతో ఆ కవచంపై గుర్తు వేస్తాయి. గుర్తు పడినదానిని భక్షక కణాలు విడువవు.

ప్రమాదంలో ప్లీహం చితికితే, రక్తస్రావాన్ని ఆపేందుకు దానిని తొలగించవలసి రావచ్చు. మనిషి కోలుకుని యథాప్రకారం పనిచేస్తాడు. ‘లేకున్నా నడుస్తున్నది గదా’ అన్న ధీమా అక్కడే పుడుతుంది. 1952లో కింగ్, షుమాకర్ అనే అమెరికన్ శస్త్రవైద్యులు, ప్లీహం తొలగించిన ఐదుగురు పసిబిడ్డలకు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు సోకిన సంగతి ప్రకటించి, ఆ ధీమా తగదని హెచ్చరించారు.

మా విభాగంలోని ఒక సహోద్యోగికి స్కూటరు ప్రమాదంలో ప్లీహం పోయింది. ఏడేళ్ళ తరువాత ఒక సాయంత్రం ఆయన వణుకుతూ, ‘రెండు మాత్రలు వేసుకుని షిఫ్టు ముగిస్తానండీ’ అన్నారు. మేమూ మామూలు జ్వరమేనని సరే అన్నాము. ఆయన శ్రీమతి ఫోనులో గుర్తుచేయబట్టి అంబులెన్సు పిలిచాము. ఆసుపత్రికి చేరేసరికే రక్తపోటు పడిపోయింది. దైవానుగ్రహం వలన బ్రతికి బయటపడ్డారు.

కాబట్టి ప్లీహం లేనివారు న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ టీకాల విషయమై వైద్యుని సంప్రదించాలి. జ్వరం వస్తే మరునాటి వరకు వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, ప్లీహం లేదన్న మాటే మొదట చెప్పాలి. రక్షణ సాధనం తొలగించిన యంత్రానికి మనము తప్పక ట్యాగు తగిలిస్తాము. ఆ సంగతి తెలిపే చిన్న కార్డు ఒకటి మనిషి జేబులోనూ ఉండాలి.