పెట్టె కొన్నారు సరే... ఆడించేదెవరు?

పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఒక పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. డాలస్‌లో ఉండే వాళ్ల బాబాయి పంపిన బహుమతి. మూత మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ. లోపల రెండు పుస్తకాలు, కొన్ని కాగితాలు, రంగురంగుల పాచికలు. ఒకదానికి నాలుగు ముఖాలు, ఒకదానికి ఎనిమిది, ఇంకోదానికి ఏకంగా ఇరవై!

'బోర్డేదిరా?' అంది వాళ్లమ్మ.

'బోర్డు ఉండదట.'

'మరి ఎవరు గెలుస్తారు?'

'ఎవరూ గెలవరట!'

మా అక్క నావైపు అదోలా చూసింది. వాడు రెండ్రోజులు ఆ పుస్తకాలతో కుస్తీ పట్టాడు. స్నేహితుల్ని పిలిచి ఏదో చెప్పబోయాడు. వాళ్లకి అర్థం కాలేదు, నిజానికి వాడికీ అర్థం కాలేదు. వారం తిరక్కుండా పెట్టె అటకెక్కింది.

దాని పేరు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో పుట్టింది. వ్యాపారపరంగా అచ్చయిన మొట్టమొదటి రోల్‌ప్లేయింగ్ గేమ్ అదే. అయిదు దశాబ్దాలుగా దాన్ని అమ్మేవాళ్లను వేధిస్తున్న చిక్కు కూడా మా మేనల్లుడికి ఎదురైనదే. పెట్టె అమ్మడం తేలిక. బల్ల చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టడమే కష్టం.

అసలు ఇదేం ఆట అంటారా? కాశీ మజిలీ కథలు గుర్తున్నాయిగా! మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు కథ చెబుతుంటాడు, వెంట నడిచే గొల్లపిల్లాడు వింటుంటాడు. ఆ పిల్లాడు మధ్యలో లేచి 'స్వామీ, ఆ గుహలోకి రాజకుమారుడి బదులు నేనే వెళతాను. చేతిలో కాగడా ఉంది. ముందు ఏం కనిపిస్తోంది?' అన్నాడనుకోండి. గురువుగారు అక్కణ్నుంచి కథ మార్చి చెప్పాలి. అదీ ఈ ఆట. కథ నడిపించే వ్యక్తిని డంజియన్ మాస్టర్ అంటారు. మిగతా నలుగురైదుగురు తలా ఒక పాత్ర. దూకిన గోడ దాటారో కింద పడ్డారో పాచిక తేలుస్తుంది.

అష్టాచెమ్మా అయితే పక్కన కూర్చుని రెండు పందేలు చూస్తే వచ్చేస్తుంది. ఇది అలా కాదు. ఒకరు ముందే నేర్చుకుని, కథ సిద్ధం చేసుకుని, మిగతావాళ్లని పిలవాలి. ఆ ఒక్కరు లేకపోతే పెట్టె తెరిచినా ఒకటే, తెరవకపోయినా ఒకటే.

దీన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు గ్యారీ గైగాక్స్. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు ఆయనది. బీమా కంపెనీలో ఉద్యోగం పోయాక చెప్పులు బాగుచేసి ఇల్లు గడిపినవాడు. రెండో ఆయన మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్. పేరున్న కంపెనీలేవీ ముందుకు రాకపోవడంతో గైగాక్స్ మిత్రులతో కలిసి టీఎస్ఆర్ అనే సంస్థ పెట్టి వెయ్యి పెట్టెలు వేయించారు. ఒక్కోదాంట్లో మూడు చిన్న పుస్తకాలు. ధర పది డాలర్లు. ప్రకటనలకి డబ్బెక్కడిది? పైగా ఆ పుస్తకాలు చదివి ఆట అర్థం చేసుకోవడం మహామహుల వల్ల కూడా కాలేదు.

అయినా ఏడాదిలోపే వెయ్యీ అయిపోయాయి! ఎలాగంటారా? ఒక బల్ల దగ్గర ఆడినవాడు తన ఊరెళ్లి ఇంకో బల్ల వేశాడు. కాలేజీ కుర్రాళ్లు హాస్టల్‌కి మోసుకెళ్లారు. పెట్టె దొరకనివాళ్లు జిరాక్సు తీసుకున్నారు. అలా నోటి మాటే ప్రకటన అయింది.

ఆ తర్వాత ఒక మంచి పని జరిగింది. జాన్ ఎరిక్ హోమ్స్ అనే ఆయన, వృత్తికి నరాల వైద్యశాస్త్రం బోధించే ప్రొఫెసర్, 'కొత్తవాళ్లకి అర్థమయ్యేలా నేను రాసిస్తాను' అని ముందుకొచ్చాడు. 1977లో ఆయన రాసిన బేసిక్ సెట్ వచ్చింది. 1983లో ఫ్రాంక్ మెంట్జర్ రాసిన ఎర్ర పెట్టె ఇంకో మెట్టు పైకెక్కింది. అందులో నియమాలు వల్లె వేయించకుండా కథతోనే మొదలెట్టారు. మీరొక వీరుడు. గుహలో అలీనా అనే మంచి అమ్మాయి పరిచయమవుతుంది. మీకు సాయపడుతుంది. కాసేపటికే బార్గిల్ అనే దుష్ట మాంత్రికుడు ఆమెని చంపేస్తాడు. నలభయ్యేళ్లు దాటినా అలీనా పేరెత్తితే ఉసూరుమనేవాళ్లు ఆ దేశంలో ఇప్పటికీ ఉన్నారు. ఒక్కడే కూర్చుని చదివే పిల్లాడికి పుస్తకమే మాస్టారయింది. ఏ ప్రకటనా చేయలేని పని అది.

ఈలోగా ఎవరూ కోరుకోని ప్రచారం ఒకటి వచ్చిపడింది. 1979లో మిషిగన్‌లో ఒక విద్యార్థి కనిపించకుండా పోయాడు. ఈ ఆట ఆడుతూ విశ్వవిద్యాలయం కింద ఉన్న సొరంగాల్లో తప్పిపోయాడని పత్రికలు కోడై కూశాయి. ఆ అబ్బాయి కష్టాలు వేరు. ఆటకీ దానికీ సంబంధం లేదని తర్వాత తేలింది. కానీ అప్పటికే దేశమంతా ఆట పేరు మారుమోగింది, అమ్మకాలు ఎగబాకాయి. వెనకే భయమూ వచ్చింది. 'పిల్లలు చేతబడి నేర్చుకుంటున్నారు, ప్రాణాలు తీసుకుంటున్నారు' అంటూ సంఘాలు వెలిశాయి. 1985లో '60 మినిట్స్' టీవీ కార్యక్రమంలో గైగాక్స్ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆట వల్ల ప్రాణాలు పోయాయన్న ఆరోపణలు రుజువు కాలేదు. అయినా ఎన్నో ఇళ్లలో పుస్తకాలు చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికి నోరు రాదు. తలుపేసుకుని అయిదుగురు పిల్లలు గంటల తరబడి రాక్షసుల గురించి మాట్లాడుకుంటుంటే ఏ అమ్మకి భయం వేయదు? వాళ్లలో ఎంతమందిని 'నువ్వూ రామ్మా, కూర్చుని చూడు' అని పిలిచారన్నదే నా అనుమానం.

తొంభైల్లో టీఎస్ఆర్ ఇంకో పొరపాటు చేసింది. ఉన్న ఆటగాళ్ల కోసమే కొత్త కొత్త లోకాలు, పుస్తకాల మీద పుస్తకాలు అచ్చేసింది. ఒక లోకం పుస్తకాలు కొన్నవాళ్లు ఇంకో లోకం జోలికి వెళ్లలేదు. ఉన్న జనమే ముక్కలయ్యారు. అప్పుల్లో మునిగిన ఆ సంస్థను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది.

కొత్త యజమానుల్లో రయాన్ డాన్సీ అనే ఆయన ఆలోచన ఆసక్తికరం. ఊళ్లో ఒక్కరికే ఫోనుంటే దానికి విలువేముంది? పదిమందికి ఉంటేనే పనికొస్తుంది. ఈ ఆటా అంతే, ఆడేవాళ్లు పెరిగితేనే దాని విలువ పెరుగుతుంది. అందుకని 2000లో అసలు నియమాలను అందరికీ వదిలేశారు. ఎవరైనా వాటితో సాహసగాథలు రాసి అమ్ముకోవచ్చు, కంపెనీకి పైసా కట్టక్కర్లేదు. 2023 జనవరిలో ఆ ఒప్పందాన్ని బిగించబోతే ఆటగాళ్లు తిరగబడ్డారు. నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గింది. ఆట బతికుందంటే తమవల్లేనని వాళ్లకి తెలుసు మరి!

ఇప్పుడు ఇంకో వింత. ఈ ఆటకి ప్రేక్షకులొచ్చారు! అమెరికాలో కొందరు డబ్బింగ్ కళాకారులు తమలో ఒకరి పుట్టినరోజుకని సరదాగా ఆట మొదలెట్టారు. 2015 మార్చి నుంచి దాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. అదే 'క్రిటికల్ రోల్'. ఒక్కో భాగం మూడు నాలుగు గంటలు! ఆ కథని కార్టూన్‌గా తీయడానికి 2019లో ఏడున్నర లక్షల డాలర్లు సాయమడిగితే, దాదాపు 89 వేలమంది కలిసి కోటీ 13 లక్షల డాలర్లిచ్చారు. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లోనూ పిల్లలు ఆడేది ఇదే ఆట. పుస్తకం చూసి అర్థంకానిది, పదిమంది నవ్వుతూ ఆడుతుంటే చూసి అర్థమైంది.

అయితే చూసేవాళ్లంతా ఆడేవాళ్లు కారుగా! తెర మీద మాథ్యూ మెర్సర్ గొంతులు మార్చి కథ నడుపుతుంటే చూసి, తమ ఇంటి మాస్టర్ కూడా అలాగే ఉండాలని ఆశించే కొత్తవాళ్లు ఎక్కువయ్యారు. 'మెర్సర్ ఎఫెక్ట్' అని దానికో పేరు కూడా పెట్టారు. క్రికెట్ చూసి గల్లీలో బ్యాట్ పట్టిన కుర్రాడు ఆరు సిక్సర్లు కొట్టనక్కర్లేదు. ఇంట్లో కథ చెప్పేవాడూ అంతే. తడబడుతూ చెప్పినా చాలు, పిలిస్తే చాలు.

మా మేనల్లుడి సంగతి చెప్పలేదు కదూ... దసరాకి వాళ్ల పక్కింటి కుర్రాడు బెంగళూరు నుంచి వచ్చాడు. హాస్టల్లో ఈ ఆట నేర్చుకున్నాడట. అటక మీంచి పెట్టె దింపించాడు. పుస్తకాలు తెరవనే లేదు. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి 'మీరంతా ఒక పాడుబడ్డ కోట ముందున్నారు. వాన పడుతోంది. లోపల దీపం వెలుగుతోంది. ఏం చేస్తారు?' అన్నాడు. పది నిమిషాల్లో ఇల్లు పీకి పందిరేశారు. పిల్లల మధ్య గొడవ, ఆలోచన, రాజీ... ఫోన్లు ఎక్కడున్నాయో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఈ వేసవికి మీ పిల్లలకీ ఇలాంటి పెట్టె ఏదైనా కొనాలనుకుంటే కొనండి. దాంతోపాటు ఆడించే మనిషినీ వెతకండి. దొరక్కపోతే ఒక ఆదివారం మీరే కూర్చోండి. చందమామ కథలు చదివి పెరిగిన వాళ్లకి కోట ముందు వాన కురిపించడం ఏమంత కష్టం?

అన్నట్టు, ఆ రోజు పిల్లలకి పకోడీలు ఇవ్వడానికి వచ్చిన మా అక్క పళ్లెం అక్కడ పెట్టి వెళ్లిపోలేదు. గుమ్మం దగ్గరే ఆగింది. కాసేపు చూసి మెల్లగా అడిగింది.

'ఇంతకీ ఆ దీపం ఎవరు వెలిగించారట్రా?'