తాళము వేసి తలుపు తీయుదము

సంఘ కార్యాలయమందలి కంప్యూటరును, ప్రింటరును పరస్థలములందున్న సభ్యులు తమ యిండ్లనుండియే వాడుకొను వసతి కావలెనను కోరిక న్యాయమైనది. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణమును చూపి, పిల్లల మాతృభాషా బోధనకై మనము వ్రాయు విజ్ఞాపనలు ఒక్క గుమాస్తా రాకకై నిలిచిపోరాదు.

అయితే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడు 3389వ పోర్టును ఇంటర్నెట్టునకు నేరుగా తెరచియుంచుట వీధితలుపు తీసి నిద్రించుటయే. దొంగల యంత్రములు అట్టి ద్వారములను వెదకి, అహోరాత్రములు పాస్‌వర్డులను ఊహించి చూచుచుండును. ఆ కంప్యూటరులో మన కుటుంబముల పేర్లు, చిరునామాలు ఉన్నవి.

కావున ముందు వి.పి.ఎన్. అను మరుగుబాట, ఆ బాటననే కంప్యూటరు ప్రవేశము. ప్రతి సభ్యునకు వేరు ఖాతా, వేరు పాస్‌వర్డు, ఫోనునకు వచ్చు రెండవ సంకేతము. ఇవి లేనిదే అనుమతి యీయరాదని మా దృఢాభిప్రాయము. పని విడిచినవారి ఖాతాను ఆనాడే మూయవలెను.

మరికొన్ని మాటలు. విండోస్ హోమ్ రకమునకు ఈ వసతి లేదు. ప్రో రకము కావలెను. కంప్యూటరు నిద్రావస్థకు పోకుండ అమర్చవలెను. ముద్రించునపుడు కార్యాలయపు ప్రింటరునే యెంచుకొనవలెను. లేనిచో కాగితము ఇంటి ప్రింటరున వెలువడవచ్చును. దానిలో కాగితములు నింపుటకు మాత్రము కార్యాలయమున ఒకరుండక తప్పదు.

కార్యవర్గము ఈ కట్టుబాట్లను ముందు వ్రాసి, పిదప ద్వారము తెరచుగాక.