తల్లి రొయ్యకు క్వారంటైన్ ఉంది, అది తినే పురుగుకు ఏది?



విదేశాల నుంచి వచ్చే వనామి తల్లి రొయ్యలను నేరుగా హేచరీకి పంపరు. చెన్నై దగ్గర నీలాంకరైలోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షలు చేసి, రోగం లేదని తేలాకే వదులుతారు. 2009లో వనామికి అనుమతి ఇచ్చినప్పుడే ఈ ఏర్పాటు చేశారు. మంచిదే. మరి హేచరీకి చేరాక ఆ రొయ్యకు పెట్టేదేమిటి? తీరం బురదలోంచి తవ్వి తెచ్చిన బతికున్న పురుగులు. పాలీకీట్లంటారు. వాటిని ఏ కేంద్రంలో ఆపారు? ఎవరు పరీక్షించారు?

ఈ పురుగులు తింటే తల్లి రొయ్య గుడ్డు బాగా కడుతుంది. అది నిజం. కానీ బురదలో ఉన్న ఈహెచ్‌పీ బీజాలు ఆ పురుగు కడుపులో చేరతాయి. పురుగును తిన్న రొయ్య విసర్జిస్తే అవి ట్యాంకులోకి, అక్కడి నుంచి పిల్లలోకి, పిల్లతో పాటు మన చెరువులోకి వస్తాయి. పాలీకీట్ పురుగుల ద్వారా తెల్లమచ్చ వైరస్ తల్లి రొయ్యలకు సోకుతుందని చెన్నై సీబా శాస్త్రవేత్తలు 2005లోనే చూపించారు. ఇన్నేళ్లయినా మనకు దక్కింది సలహాలే.

ఎస్పీఎఫ్ తల్లి కాబట్టి పిల్ల మంచిదే అంటారు హేచరీ వాళ్లు. ఎస్పీఎఫ్ అంటే జాబితాలోని ఫలానా క్రిములు లేవని మాత్రమే. కల్తీ మేత తిన్న నాడే ఆ హోదా పోయినట్టు.

ఈహెచ్‌పీకి మందు లేదు. రొయ్య ఒక్కసారిగా చావదు, ఎదగదు. మేత తింటుంది, కరెంటు బిల్లు వస్తుంది, కౌంటు మాత్రం రాదు. పైగా చెరువు సరిగా తయారు చేయలేదని తప్పు మన మీదకే తోస్తారు. హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి దున్నమంటారు. ఆ పని మనం చేయాల్సిందే. కానీ అంత ఖర్చు పెట్టి శుద్ధి చేసిన చెరువులో రోగపు పిల్లను పోస్తే ఆ సున్నం ఎవరి కోసం?

ఖర్చవుతుందని హేచరీలు సాకు చెబుతాయి. పురుగును మైనస్ 20 డిగ్రీల్లో రెండు రోజులకు పైగా గడ్డకట్టిస్తే ఈహెచ్‌పీ చస్తుంది. తెల్లమచ్చ వైరస్ అలా చావదు కాబట్టి పీసీఆర్ పరీక్ష కూడా కావాలి. ఒక హేచరీ ఈ ఖర్చు ఆదా చేసుకుంటే, దాని సీడ్ కొన్న ప్రతి రైతూ పంట మొత్తం పోగొట్టుకుంటాడు.

2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని 2023లో సవరించారు. హేచరీలు దాని పరిధిలోనే ఉన్నాయి. కాబట్టి అడుగుతున్నాం:

పరీక్ష లేని బతికున్న పురుగుల వాడకాన్ని ఆపాలి. హేచరీల్లో ముందు చెప్పకుండా తనిఖీ చేయాలి. సీడ్ బిల్లు మీద ట్యాంకు నంబరు, దాని పీసీఆర్ ఫలితం ఉండాలి. రోగం సీడ్‌తోనే వచ్చిందని తేలితే హేచరీ నష్టపరిహారం కట్టాలి. రొయ్య సాగున్న ప్రతి మండలంలో రైతుకు ఉచితంగా పీసీఆర్ చేసే ప్రభుత్వ ల్యాబ్ పెట్టాలి.

మన వంతు కూడా ఉంది. రేటు తగ్గిస్తామన్నా బిల్లు లేని సీడ్ కొనవద్దు. పిల్ల దింపే ముందు శాంపిల్ మనమే ల్యాబుకు ఇద్దాం. బిల్లులు, రిపోర్టులు దాచి గ్రామ సంఘానికి ఇవ్వండి. అవి చేతిలో ఉంటేనే మత్స్యశాఖ ఆఫీసులో మన మాట నిలుస్తుంది.